కన్సల్టింగ్ కంపెనీలో రీఆర్గ్: షీట్‌లో మీ వరుసను కాపాడుకోవడం ఎలా

"టౌన్‌హాల్ అయిపోయింది. కొత్త ఆర్గ్ చార్ట్ చూపించారు. మా ప్రాక్టీస్ పేరు మారింది, పార్ట్‌నర్ కూడా మారారు. నా ప్రాజెక్టు మాత్రం నడుస్తూనే ఉంది. ఇప్పుడు నేనేం చేయాలి?" గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసే కన్సల్టెంట్లు ఈ ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు దీనికి వీసా గొడవ కూడా కలిపి అడుగుతున్నారు. విడివిడిగా జవాబులిచ్చే బదులు అంతా ఒకచోట పెడుతున్నాం. (టౌన్‌హాల్ అంటే ఉద్యోగులందరి సమావేశం, ప్రాక్టీస్ అంటే ఒక రకం పని చూసే విభాగం, పార్ట్‌నర్ అంటే దాన్ని నడిపే పెద్ద.)

ఈ రంగంలో రీఆర్గ్, అంటే విభాగాలను తిరిగి సర్దడం, కొత్త సంగతేం కాదు. 2001 జనవరి 1న ఆండర్సన్ కన్సల్టింగ్ పేరు యాక్సెంచర్‌గా మారింది. 2002లో పీడబ్ల్యూసీ కన్సల్టింగ్ విభాగం ఐబీఎం చేతికి వెళ్లింది. ఆడిట్‌ను, కన్సల్టింగ్‌ను విడదీద్దామని 2022 సెప్టెంబరులో ప్రకటించిన ఈవై 2023 ఏప్రిల్‌లో ఆ ఆలోచన మానుకుంది. డెలాయిట్ 2024లో తన ఐదు విభాగాలను నాలుగుకు కుదించింది. యాక్సెంచర్ 2025 సెప్టెంబరు 1 నుంచి స్ట్రాటజీ, కన్సల్టింగ్, సాంగ్, టెక్నాలజీ, ఆపరేషన్స్‌ను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పైన కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. మీ దగ్గరికి వచ్చేసరికి జరిగేది ఒకటే: ఒక ఎక్సెల్ షీట్‌లోని వరుసలు ఇంకో షీట్‌లోకి వెళ్తాయి.

ఆ వరుసలో మీ పేరు, గ్రేడ్, కాస్ట్ సెంటర్ (మీ ఖర్చు పడే ఖాతా), మేనేజర్ పేరు, యుటిలైజేషన్ శాతం (మీ గంటల్లో క్లయింట్ పనికి పోయిన వాటా), రేటింగ్ ఉంటాయి. అది చూసి నిర్ణయం తీసుకునేవాళ్లలో మిమ్మల్ని దగ్గరగా ఎరిగినవాళ్లు తక్కువ. మీ పని విలువ తెలిసిన మేనేజరు అప్పటికి వేరే ప్రాక్టీస్‌కో, వేరే కంపెనీకో వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే కింద చెప్పేదంతా ఆ ఒక్క వరుస తప్పుల్లేకుండా ఉండటం గురించే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆఫర్ లెటర్, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఇంక్రిమెంట్, ప్రమోషన్ లెటర్
- గత 12 నెలల పేస్లిప్పులు
- గత రెండేళ్ల అప్రైజల్ ఫైనల్ రేటింగ్, మేనేజరు రాసిన కామెంట్లతో సహా
- గత 12 నెలల టైమ్‌షీట్ సమ్మరీ: ఏ నెలలో ఏ ప్రాజెక్టు కోడ్‌కి ఎన్ని గంటలు పడ్డాయో
- యూఏఎన్ నంబరు, పీఎఫ్ పాస్‌బుక్, గ్రూప్ ఇన్సూరెన్స్ కార్డు
- ఒక నోట్‌బుక్. ఎవరు, ఏ తేదీన, ఏం చెప్పారో రాసుకోవడానికి

హెచ్చరిక: ఇవన్నీ మీ సొంత ఉద్యోగ కాగితాలు. క్లయింట్ డెక్‌లు, ప్రపోజల్స్, రేట్ కార్డులు, సాఫ్ట్‌వేర్ కోడ్ మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకండి, ఒక్క పేజీ కూడా వద్దు. రీఆర్గ్ సమయంలో బయటికెళ్లే మెయిళ్ల మీద నిఘా పెరుగుతుంది. "తర్వాత పనికొస్తుందని" దాచుకున్న ఒక్క ఫైలు వల్ల సివరెన్స్‌ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) పోగొట్టుకునే పరిస్థితి రావచ్చు. పేస్లిప్పుల్లాంటివి కూడా హెచ్ఆర్ పోర్టల్‌లో డౌన్‌లోడ్ బటన్ ఉన్న చోటి నుంచే తీసుకోండి.

1. మొదటి రెండు రోజుల్లో: పాత వరుసను పట్టి ఉంచండి

హెచ్ఆర్ పోర్టల్‌లో మీ ప్రొఫైల్ పేజీ తెరిచి ఈ వివరాలు తేదీతో సహా రాసుకోండి: హోదా, గ్రేడ్ లేదా బ్యాండ్, ఉద్యోగంలో చేరిన తేదీ, లీగల్ ఎంటిటీ (కాగితాల మీద మీ యజమాని అయిన కంపెనీ) పూర్తి పేరు, కాస్ట్ సెంటర్, రిపోర్టింగ్ మేనేజరు, వర్క్ లొకేషన్, మిగిలిన సెలవులు, నోటీస్ పీరియడ్. పీడీఎఫ్‌గా సేవ్ చేసే వీలుంటే చేసేయండి.

తొందర ఎందుకంటే, మార్పు అమల్లోకి వచ్చిన రోజు నుంచి పోర్టల్ కొత్త వివరాలే చూపిస్తుంది. పాతవి చూడాలంటే హెచ్ఆర్‌కి టికెట్ వేయాలి, ఆ వారంలో వాళ్ల దగ్గర వేల టికెట్లుంటాయి. ఎక్కువగా తప్పు పడేది సెలవుల లెక్కలో, చేరిన తేదీలో. సెలవులు తగ్గితే వెంటనే గమనిస్తారు. చేరిన తేదీ మారిన సంగతి మాత్రం గ్రాట్యుటీ దగ్గరికి వచ్చేదాకా ఎవరి కంటా పడదు.

2. మూడు ప్రశ్నలకు రాతలో జవాబు తెచ్చుకోండి

టౌన్‌హాల్‌లో "మీ రోజువారీ పనిలో మార్పేమీ ఉండదు" అంటారు. ఆ మాట చాలావరకు నిజమే, కానీ అది క్లయింట్ పనికే వర్తిస్తుంది. మిగతావన్నీ మారొచ్చు. అందుకని మొదటి వారంలోనే మీ ప్రస్తుత మేనేజరుకి చిన్న మెయిల్ పెట్టండి. సారాంశం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీ నుంచి నా రిపోర్టింగ్ ఎవరికి? నా గంటలు ఏ కోడ్‌కి వేయాలి? ఈ ఏడాది అప్రైజల్ ఎవరు రాస్తారు, మీరా, కొత్త మేనేజరా? ఇంకా తేలకపోతే ఎప్పటికి తేలుతుందో చెప్పండి."

అంతే. భయం, అసంతృప్తి, ఊహాగానం ఏదీ అందులో పెట్టకండి. జవాబు నోటితో చెబితే, అదే రోజు "మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది" అని రెండు లైన్ల మెయిల్ తిరిగి పంపండి. రీఆర్గ్‌లో నోటి మాట నీటి మీద రాత. చెప్పినాయన అబద్ధమాడారని కాదు. మూడు వారాలకు ఆయన సీటే మారిపోతుంది.

మేనేజరుకీ తెలియకపోతే రిసోర్స్ మేనేజర్‌ని, అంటే ఎవరిని ఏ ప్రాజెక్టులో వేయాలో చూసే స్టాఫింగ్ టీమ్‌ని అడగండి. కోడ్‌లు, ఖాళీలు, ఎవరెప్పుడు రిలీజ్ అవుతారో అందరికంటే ముందు తెలిసేది ఆ టీమ్‌కే. చాలామంది పార్ట్‌నర్ చుట్టూ తిరుగుతారు. ఆయన దగ్గర దొరికేది ధైర్యం. తేదీ, కోడ్ దొరికేది స్టాఫింగ్ టీమ్ దగ్గర.

3. టైమ్‌షీట్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

ఈ దశ నెమ్మదిగా చదవండి. తీసేసే జాబితా తయారయ్యేటప్పుడు ముందుగా చూసే అంకెల్లో యుటిలైజేషన్ ఒకటి. ఆ అంకె మీ టైమ్‌షీట్ నుంచి పుడుతుంది.

ఒక నెల తీసుకుందాం. 22 పనిదినాలు, రోజుకు 8 గంటలు, మొత్తం 176. అందులో సెలవు 16 గంటలు, క్లయింట్ పని 112, ప్రపోజల్ పని (కొత్త కాంట్రాక్టు తెచ్చుకోవడానికి చేసేది) 24, ట్రైనింగ్ 24.

- మొత్తం గంటలతో భాగిస్తే: 112 ÷ 176 = 63.6 శాతం
- సెలవులు తీసేసి భాగిస్తే: 112 ÷ 160 = 70 శాతం
- ప్రపోజల్ గంటలను కూడా లెక్కలోకి తీసుకుంటే: 136 ÷ 160 = 85 శాతం

మనిషి అతనే, నెల అదే, అంకెలు మూడు. టార్గెట్ 80 అనుకుంటే ఒక లెక్కలో దాటినట్టు, రెండు లెక్కల్లో తప్పినట్టు. రెండు ప్రాక్టీసులు కలిసినప్పుడు ఒకరి లెక్క ఒకలా, ఇంకొకరిది ఇంకోలా ఉంటుంది. కాబట్టి కొత్త ప్రాక్టీస్ ఏ ఫార్ములా వాడుతుందో అడిగి తెలుసుకోండి. పాత నెలలను కూడా కొత్త ఫార్ములాతో తిరగరాస్తున్నారా అనేది తప్పక అడగాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం కోడ్ మూతపడటం. ప్రాక్టీస్ మారినప్పుడు పాత ప్రాజెక్టు కోడ్‌లు మూసి కొత్తవి తెరుస్తారు. నెల మధ్యలో పాతది మూశారు, కొత్తది ఇంకా రాలేదు అనుకోండి. చివరి ఆరు పనిదినాల 48 గంటలు వేయడానికి చోటుండదు. తొందరలో మీరు వాటిని ఇంటర్నల్ కోడ్‌కి వేస్తారు, లేదా సిస్టమే "అన్‌అసైన్డ్"లోకి తోసేస్తుంది. క్లయింట్ గంటలు 112 నుంచి 64కి పడిపోతాయి. 70 శాతం కాస్తా 40 అవుతుంది. మీరు క్లయింట్ దగ్గర రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చునే ఉన్నారు, షీట్‌లో మాత్రం సగం నెలకు పైగా పనిలేనట్టు కనపడతారు.

చేయాల్సింది ఇది:

- ప్రతి శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ సబ్మిట్ చేయండి. అంతటితో వదిలేయకుండా, సోమవారం అది అప్రూవ్ అయిందో రిజెక్ట్ అయిందో చూడండి. పాత మేనేజరే అప్రూవర్‌గా మిగిలిపోతే, ఆయన కంపెనీలో లేకపోయినా రిక్వెస్ట్ ఆయన పేరు మీదే వేలాడుతూ ఉంటుంది.
- కోడ్ పనిచేయకపోతే అదే రోజు ప్రాజెక్టు మేనేజరుకి, ప్రాజెక్టు ఫైనాన్స్ వాళ్లకి మెయిల్ పెట్టండి: తేదీలు, గంటలు, పాత కోడ్, ఎర్రర్ మెసేజ్ స్క్రీన్‌షాట్.
- తాత్కాలికంగా వేరే కోడ్‌కి వేయమంటే వేయండి. "కొత్త కోడ్ వచ్చాక ఈ 48 గంటలు మార్చాలి" అన్న మాట మాత్రం మెయిల్‌లో ఉండాలి.
- నెల పుస్తకాలు మూసేలోపే సవరణ అడగండి. మూశాక పాత నెల తెరవాలంటే ఫైనాన్స్ అనుమతి కావాలి, కాళ్లరిగేలా తిరగాల్సొస్తుంది.
- సొంతంగా ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: నెల, క్లయింట్ గంటలు, ప్రపోజల్, ట్రైనింగ్, సెలవు. నెలనెలా కంపెనీ రిపోర్టుతో పోల్చండి.

వేరే ప్రాక్టీస్‌కి అప్పుగా వెళ్లి పనిచేస్తున్నవాళ్లు ఇంకో మాట అడగాలి. ఆ గంటలు మీ పేరు మీద పడుతున్నా, వాటి ఆదాయం ఎవరి ఖాతాలో చూపిస్తున్నారు? ఆదాయమంతా అవతలి ప్రాక్టీస్‌కి వెళ్తే, మీ పార్ట్‌నర్ దృష్టిలో మీరు ఖర్చుగానే కనపడతారు.

4. క్లయింట్ దగ్గర నోరు, చేయి రెండూ జాగ్రత్త

రీఆర్గ్ గురించి క్లయింట్‌కి చెప్పాల్సింది ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్ (ఆ ప్రాజెక్టు బాధ్యత చూసే పార్ట్‌నర్). మీరు కాదు, కాఫీ దగ్గర కూడా వద్దు. క్లయింట్ అడిగితే "మా టీమ్, మా తేదీలు అలాగే ఉన్నాయి. మిగతా విషయం పార్ట్‌నర్‌తో మాట్లాడిస్తాను" అంటే చాలు. అదే రోజు ఆ సంగతి పార్ట్‌నర్‌కి చేరేయండి.

లీగల్ ఎంటిటీ మారుతుంటే ఇబ్బందులు చిన్నచిన్న చోట్ల వస్తాయి. మెయిల్ డొమైన్ మారితే క్లయింట్ వీపీఎన్ ఆగిపోతుంది. ఎస్‌ఓడబ్ల్యూ (క్లయింట్‌తో పని ఒప్పంద పత్రం) పాత కంపెనీ పేరు మీదుంటే క్లయింట్ కొత్త పేరుతో పర్చేజ్ ఆర్డర్ ఇచ్చేదాకా ఇన్వాయిస్ కదలదు. కొందరు క్లయింట్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మళ్లీ అడుగుతారు. మార్పు తేదీకి మూడు వారాల ముందే మీ క్లయింట్ యాక్సెస్‌లన్నీ ఒక జాబితా రాయండి: బ్యాడ్జ్, వీపీఎన్, షేర్డ్ ఫోల్డర్, టికెటింగ్ టూల్. ఒక్కోదాని ఎదురుగా అది ఏ మెయిల్ ఐడీ మీద ఉందో రాసి ప్రాజెక్టు మేనేజరుకి ఇవ్వండి.

5. పాత మేనేజరు వెళ్లేలోపు అప్రైజల్ రాయించుకోండి

"చాలా బాగా చేశావమ్మా" అని ఫోన్లో మెచ్చుకుంటే ఫారమ్‌లోకి ఎక్కదు. కొత్త మేనేజరు మిమ్మల్ని మూడు నెలలే చూసి ఉంటారు, మిగతా తొమ్మిది నెలలకూ ఆధారం మీరే చూపించాలి.

పాత మేనేజరు కదిలే తేదీకి కనీసం రెండు వారాల ముందు సిస్టమ్‌లోనే ఫీడ్‌బ్యాక్ రిక్వెస్ట్ పంపండి. మెయిల్‌లో రాయించుకోవడం రెండో మార్గం. ఆయనకు ఖాళీ ఉండదు కాబట్టి పనికొచ్చే నాలుగు అంశాలు మీరే రాసివ్వండి, తప్పేం లేదు. ఎలా రాస్తారన్నది ముఖ్యం.

బలహీనమైన వాక్యం: "టీమ్‌తో బాగా కలిసి పనిచేశారు, క్లయింట్ సంతోషంగా ఉన్నారు."

బలమైన వాక్యం: "బ్యాంక్ క్లయింట్‌కి 14 వారాల డేటా మైగ్రేషన్‌లో ఇద్దరు అనలిస్టులను నడిపించారు. మూడో వారంలో మాస్టర్ డేటాలో డూప్లికేట్లను గుర్తించడం వల్ల గో-లైవ్ తేదీ వాయిదా పడలేదు. క్లయింట్ రెండో దశకు ఈమెనే అడిగారు."

రెండోదాంట్లో వ్యవధి ఉంది, బాధ్యత ఉంది, ఫలితం ఉంది, క్లయింట్ మళ్లీ అడిగిన సంగతి ఉంది. క్యాలిబ్రేషన్ మీటింగ్‌లో (అందరి రేటింగులూ పోల్చి ఖరారు చేసేది) ఒక్కో పేరు మీద గడిపేది కొద్ది నిమిషాలే. అక్కడ మీ తరఫున మాట్లాడాల్సిన కొత్త మేనేజరు చేతికి చదివి వినిపించడానికి ఇలాంటి వాక్యాలు అందాలి.

ప్రమోషన్ ప్రయత్నంలో ఉన్నవాళ్లకు: మీ పేరును ముందుకు తెచ్చిన పార్ట్‌నర్ మారిపోతే ఆ కేసు దానంతటది కొత్త ప్రాక్టీస్‌కి రాదు. "నా ప్రమోషన్ కేసు ఏ ప్రాక్టీస్ కోటాలో ఉంది, ఎవరు ప్రజెంట్ చేస్తారు?" అని నేరుగా అడగండి. ఎవరూ లేరని తెలిస్తే, ఈ ఏడాది కాదని ఇప్పుడే తెలుసుకున్నట్టు. అది బాధే, కానీ మార్చిలో తెలియడం కంటే నవంబరులో తెలియడం మేలు.

6. బెంచ్ మీదికి (ప్రాజెక్టు లేని ఖాళీలోకి) వస్తే

ప్రాజెక్టు ముగిసే నాలుగు వారాల ముందే వెతుకులాట మొదలుపెట్టండి. రోల్-ఆఫ్ తేదీ (ప్రాజెక్టు నుంచి బయటికొచ్చే రోజు) వచ్చాక కాదు. మీ ప్రొఫైల్ ఒక్క పేజీ ఉండాలి. మొదటి మూడు లైన్లలో ఏ రంగం, ఏ పని, ఏ తేదీ నుంచి ఖాళీ అనేది తెలియాలి. కొత్త ప్రాక్టీస్ వాళ్లకి పాత ప్రాక్టీస్ మాటలు అర్థం కావు. మీ పాత టీమ్ పెట్టుకున్న ముద్దు పేర్లు, టూల్ పేర్లు తీసేసి, క్లయింట్‌కి ఏం చేసిపెట్టారో రాయండి.

వేరే ప్రాక్టీసులకి వెళ్లిన పాత మేనేజర్లకి ఫోన్ చేయండి. రీఆర్గ్ తర్వాత పని దొరికేది ఎక్కువగా వాళ్ల దగ్గరే. వాళ్లకీ కొత్తచోట నమ్మకమైన మనిషి కావాలి.

ఒకవైపు ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫీసులో గొప్పగా కనపడే పాత్ర, ఇంకోవైపు ఎనిమిది వారాల చిన్న బిల్లబుల్ పని (క్లయింట్ డబ్బు చెల్లించేది) ఉంటే, మా సలహా రెండోది. ఇంటర్నల్ పనికి పేరొస్తుంది. కానీ షీట్‌లో అది సున్నా గంటలు, ఆ ఆఫీసు కూడా రీఆర్గ్ అయిపోగానే మూతపడుతుంది. ఏ బిల్లబుల్ పనీ లేకపోతే ప్రపోజల్ పని అడగండి, దానికి సొంత కోడ్ ఉందో లేదో చూసుకుని.

7. కొత్త లెటర్ వస్తే సంతకానికి ముందు

లెటర్ రెండు రకాలు. ఒకటి బదిలీ: "మీ సర్వీసు కొనసాగుతుంది, పాత షరతులు వర్తిస్తాయి" అని ఉంటుంది. రెండోది కొత్త ఆఫర్: పాత ఉద్యోగం ముగిసి కొత్తది మొదలైనట్టు. చూడటానికి ఒకలాగే ఉంటాయి. "మీ తొలి జాయినింగ్ తేదీ నుంచి సర్వీసు లెక్కిస్తాం" అనే వాక్యం ఉందో లేదో వెతకండి. లేకపోతే చేర్చమని అడగండి.

ఎందుకో లెక్కలో చూడండి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. లెక్కకు తీసుకునే చివరి వేతనం రూ.60,000, సర్వీసు 7 ఏళ్లయితే 60,000 × 15 ÷ 26 × 7, సుమారు రూ.2,42,300. తేదీ మళ్లీ సున్నా నుంచి మొదలైతే, పాత సర్వీసుకు రావాల్సింది అక్కడే లెక్కకట్టి ఇవ్వాలి. నాలుగేళ్లే అయినవాళ్లకు ఏమీ రాకుండా పోయే ప్రమాదం ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనం నిర్వచనం మారింది. మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. గ్రాట్యుటీకి ఏ వేతనం తీసుకుంటున్నారో హెచ్ఆర్‌ని అడగండి.

మిగతా చూసుకోవాల్సినవి: గ్రేడ్ పేరు అదే ఉండి బ్యాండ్ కిందికి దిగిందేమో, వేరియబుల్ పే శాతం పెరిగి ఫిక్స్‌డ్ తగ్గిందేమో, నోటీస్ పీరియడ్ 60 నుంచి 90 రోజులైందేమో, ఈ ఏడాది ఇప్పటిదాకా సంపాదించిన బోనస్ ఎవరిస్తారు. పీఎఫ్‌కి యూఏఎన్ అదే, కొత్త ఎంటిటీ కింద కొత్త మెంబర్ ఐడీ వస్తే పాత బ్యాలెన్స్‌ను ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. డబ్బు తీసుకోకండి. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

ఉద్యోగం మానాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కనపడితే కంగారొద్దు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతు మన దేశంలో సాధారణంగా చెల్లదు. రహస్య సమాచారం బయటపెట్టకూడదన్న షరతు మాత్రం గట్టిగా చెల్లుతుంది.

8. మీ పేరు తీసేసే జాబితాలో ఉంటే

పదిహేను నిమిషాల మీటింగ్ ఇన్వైట్ వస్తుంది, అందులో హెచ్ఆర్ కూడా ఉంటారు. ఆ గదిలో దేనికీ సంతకం పెట్టకండి. "కాపీ ఇవ్వండి, చదివి రెండు రోజుల్లో చెప్తాను" అనండి. గట్టిగా మాట్లాడక్కర్లేదు, ఏడుపొస్తే దాచుకోనూ అక్కర్లేదు. సంతకం మాత్రం వద్దు.

తరచూ రాజీనామా రాసివ్వమంటారు, "రికార్డు శుభ్రంగా ఉంటుంది" అంటారు. రిలీవింగ్ లెటర్ వరకు అది నిజమే. కానీ రాజీనామా మీ ఇష్టంతో చేసినట్టే లెక్క. ఉద్యోగం పోతే ఈఎంఐలు కట్టే బీమా తీసుకుని ఉంటే అది రాజీనామాకు వర్తించదు. తొలగింపును ప్రశ్నించాలనుకుంటే ఆ దారీ ఇరుకవుతుంది. సివరెన్స్ మొత్తం, చెల్లించే తేదీ, లెటర్‌లో వాడే మాటలు రాతలో వచ్చాకే నిర్ణయించుకోండి. పెద్ద మొత్తమైతే లేబర్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి చూపించండి. ఆ ఖర్చు వృథా కాదు.

ఫైనల్ సెటిల్‌మెంట్ షీట్‌లో ఒక్కొక్కటీ టిక్ చేయండి: నోటీస్ జీతం, సివరెన్స్, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, వేరియబుల్, రీయింబర్స్‌మెంట్లు. జాయినింగ్ బోనస్ వెనక్కి తీసుకుంటున్నారేమో చూడండి. వాళ్లే తీసేస్తున్నప్పుడు దాన్ని మాఫీ చేయమని అడగడం న్యాయమే. కొత్త వేతన కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిశాక రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలి. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. ప్రైవేటు ఉద్యోగులకు సెలవుల డబ్బు మీద పన్ను మినహాయింపు జీవితం మొత్తానికి కలిపి రూ.25 లక్షలు. సివరెన్స్‌ను మాత్రం సాధారణంగా జీతంలాగే చూసి పన్ను కోస్తారు.

గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అమ్మానాన్నలు ఆ పాలసీలో ఉంటే ఇది అన్నిటికంటే ముందు చూసుకోవాలి. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని చివరి రోజుకు ముందే అడగండి. రీఆర్గ్ పుకారు మొదలవగానే సొంత పాలసీ ఒకటి తీసుకోవడం ఇంకా మేలు. వెయిటింగ్ పీరియడ్ అప్పటినుంచే కరుగుతుంది.

9. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు

ఉద్యోగం ఆగాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు, ఏది ముందైతే అది. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్పుకు దరఖాస్తు చేయాలి, లేదా దేశం వదలాలి. సివరెన్స్ ఎన్ని నెలలకు ఇచ్చినా ఈ 60 పెరగదు. గార్డెన్ లీవ్ (పని చేయించకుండా జీతమిచ్చే నోటీస్ కాలం) ఇస్తే గడియారం ఏ రోజు మొదలవుతుందన్నది కంపెనీ మాట మీద కాకుండా సొంత ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి తేల్చుకోండి.

ఉద్యోగం ఉన్నా రెండు చిక్కులున్నాయి. రీఆర్గ్‌లో పనిచేసే ఊరు వేరే మెట్రో ప్రాంతానికి మారితే, మారడానికి ముందే సవరణ పిటిషన్ పడాలి. కంపెనీ మీ ప్రాంతంలో, మీలాంటి ఉద్యోగాల్లో లేఆఫ్ చేస్తే, ఆరు నెలల వరకు పెర్మ్ (గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టు) వేసేటప్పుడు తీసేసినవాళ్లకు కబురుపెట్టి వాళ్లను పరిశీలించాలి. అందుకే చాలా కంపెనీలు పెర్మ్ ఆపేస్తాయి. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయ్యాక, కంపెనీ తర్వాత వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానం చెప్పే తేదీ) సాధారణంగా మీదే. అప్రూవల్ నోటీస్ కాపీ ఇప్పుడే అడిగి తీసుకోండి. లీగల్ ఎంటిటీ మారుతుంటే, కొత్త ఎంటిటీ పాత ఇమిగ్రేషన్ బాధ్యతలన్నీ తీసుకుంటున్నట్టు రాతలో ఉందో లేదో అడగండి.

తరచూ జరిగే తప్పులు

మొదటిది మాయమైపోవడం. భయంతో కాల్స్‌లో కెమెరా ఆఫ్ చేసి, ఎవరికీ కనపడకుండా పనిచేసుకుపోతారు. కొత్త మేనేజరు ఉన్నారని తెలిసిన వారంలోనే 20 నిమిషాలు అడిగి తీసుకుని, ఏం చేస్తున్నారో, ఎప్పటిదాకా చేస్తారో చెప్పండి.

రెండోది పుకార్ల గ్రూపుల్లో రాయడం. చదవడం ఆపలేకపోవచ్చు, రాయడం ఆపండి. స్క్రీన్‌షాట్ ఎక్కడికి వెళ్తుందో తెలియదు.

మూడోది సెలవు విషయంలో. "పెండింగ్ సెలవులు ఇప్పుడే వాడేద్దాం" అని స్టాఫింగ్ జరిగే రెండు వారాలు ఊళ్లో ఉండిపోతారు, తిరిగొచ్చేసరికి పాత్రలు నిండిపోతాయి. సెలవు తప్పనిసరైతే వెళ్లేముందే ఖాళీ తేదీ, ఫోన్ నంబరు రిసోర్స్ మేనేజర్‌కి ఇచ్చి వెళ్లండి.

టీమ్ నడిపేవాళ్లు చేసే తప్పు ఇంకొకటి: తెలియని విషయానికి హామీ ఇవ్వడం. "మన టీమ్‌కేమీ కాదు" అనకండి. "నాకు తెలిసింది ఇది, గురువారం మళ్లీ చెప్తాను" అని, కొత్త కబురు లేకపోయినా గురువారం తప్పకుండా చెప్పండి.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోండి

30వ రోజు: పోర్టల్‌లో మేనేజరు పేరు, కాస్ట్ సెంటర్, చేరిన తేదీ, సెలవులు మీ పాత నోట్‌తో పోల్చండి. మొదటి పేస్లిప్‌లో ఎంటిటీ పేరు, బేసిక్, పీఎఫ్ కోత సరిపోవాలి.

60వ రోజు: కంపెనీ యుటిలైజేషన్ రిపోర్టు, మీ పట్టిక పక్కపక్కన పెట్టండి. ఒక్క నెలలో ఎనిమిది గంటల తేడా ఉన్నా ఏ రోజుదో కనిపెట్టండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో కొత్త ఎంటిటీ నుంచి జమ పడిందో లేదో చూడండి.

90వ రోజు: పాత మేనేజరు ఫీడ్‌బ్యాక్ కొత్త మేనేజరు స్క్రీన్‌లో కనపడుతోందా? మీ స్క్రీన్‌లో కనపడితే సరిపోదు. ప్రాక్టీస్ మారాక పాత కామెంట్లు చూసే అనుమతి కొత్తవాళ్లకు లేకపోవడం మామూలే. కాల్‌లో ఉన్నప్పుడే ఆ పేజీ తెరవమని అడిగి, కామెంట్ మొదటి లైను చదివించుకోండి. కనపడకపోతే అదే రోజు పీడీఎఫ్ పంపి టికెట్ వేయండి.